దీవికి పోయి మన వంటగిన్నె చూసి వచ్చాం



వచ్చే ఆదివారం సర్వసభ్య సమావేశంలో ఈ ఏటి యాత్ర గురించి తీర్మానం పెడుతున్నారు. మళ్ళీ రామేశ్వరమే అంటున్నారు. రామేశ్వరం అంటే మాకు సంతోషమే. కానీ మళ్ళీ అదే బస్సు, అదే రెండు రోజులు, అదే వంటమనిషి అంటున్నారు. దానికి మేము ఒప్పుకోం. ఎందుకు ఒప్పుకోమో సమావేశంలో చెప్పబోతే రెండో నిమిషానికే బెల్లు కొడతారు, అందుకని ఇక్కడ రాస్తున్నాం. మేము చదివింది తమిళ బడిలో. తెలుగు రాత అమ్మ దగ్గర కొంత, సంఘం ఆదివారం తరగతుల్లో కొంత వచ్చింది. ఒత్తులు తప్పితే దిద్దుకుని చదవండి, విషయం మాత్రం వదిలిపెట్టకండి.

పోయిన ఏడాది ఏం చేశామో ఒకసారి గుర్తు తెచ్చుకుందాం. శుక్రవారం అర్ధరాత్రి మదురైలో బస్సెక్కాం, 52 మందిమి. డిక్కీ నిండా గ్యాసు బండ, రెండు పెద్ద గిన్నెలు, బియ్యం మూట, కందిపప్పు, గోంగూర పచ్చడి డబ్బాలు. తెల్లవారుజామున నాలుగింటికి దిగాం. అగ్నితీర్థంలో మునిగి, తడిబట్టలతో 22 బావులూ తిరిగి, దర్శనం చేసుకున్నాం. పది గంటలకి సత్రంలో మన వంట, మన బంతి. మధ్యాహ్నం నిద్ర. నాలుగింటికి ధనుష్కోటికి బయలుదేరి, చివరన ఉన్న అరిచల్‌మునైలో 25 నిమిషాలు నిలబడి, విజిల్ వినపడగానే వెనక్కి వచ్చాం. ఆదివారం పొద్దున కలాం గారి స్మారకంలో అరగంట, శంఖాల అంగళ్ళలో గంటన్నర, మళ్ళీ మన సాపాటు, మళ్ళీ బస్సు. ‘యాత్ర దిగ్విజయం’ అని రాసుకున్నాం.

ఆ యాత్రకి మన వాళ్ళు పెట్టిన ఫోటోలు 212. గుమాస్తా బుద్ధి పోదు కదా, కూర్చుని లెక్కపెట్టాం. బంతిలో కూర్చుని తింటున్నవి 83. బస్సు ముందు నిలబడినవి 40. సముద్రం కనపడేవి 14. ఆ దీవి మనిషి ఒక్కడు కనపడే ఫోటో ఒక్కటీ లేదు. దీవికి పోయి మనం చూసి వచ్చింది మన వంటగిన్నెని.

ఈ తప్పంతా ఇప్పటి యాత్రా కమిటీ నెత్తిన వేయడం లేదు. మూడేళ్ళు కార్యదర్శిగా ఉండి ఈ పద్ధతి మొదలుపెట్టింది మేమే. ఆ విజిల్ కూడా మేము తెచ్చిందే. అందుకే దాన్ని ఆపమని అడిగే బాధ్యత మొదట మాదే.

పోయిన ఏడాది బస్సులో మన పెద్దమ్మ ఒకరున్నారు. పేరు రాయం, మీ అందరికీ తెలుసు. వయసు డెబ్బై ఐదు దాటింది. ఆమె నాయన ధనుష్కోటిలో రైల్వే పని చేశాడు. ఈమె నడక నేర్చింది అక్కడి ఇసకలోనే. 1964 తుపానుకి కొన్నేళ్ళ ముందు నాయనకి బదిలీ వచ్చి మదురై చేరారు. “బదిలీ రాకపోతే మేమూ ఆ అలలోనే పోయేవాళ్ళం” అని ఆమె ఎన్నిసార్లు చెప్పిందో. యాత్రకి పేరు ఇచ్చినప్పుడు ఆమె అడిగింది ఒక్కటే, “ఆ స్టేషను గోడ దగ్గర రవంతసేపు దింపండి నాయనా” అని. సరేనన్నాం. తీరా పోయేసరికి పొద్దుపోయింది. చీకటి పడేలోపల అందరినీ వెనక్కి పంపేస్తారని డ్రైవరు తొందరపెట్టాడు. బస్సు శిథిలాల దగ్గర ఆగకుండా నేరుగా చివరిదాకా పోయింది, వచ్చేటప్పుడూ ఆగలేదు. ఆమె కిటికీ చువ్వ పట్టుకుని చూస్తూ కూర్చుంది. ఏమీ అనలేదు. పక్క సీటులో ఉన్నది మేమే. మా జేబులో విజిల్ ఉంది. ఒక్కసారి ఊది బస్సు ఆపలేకపోయాం.

ఆ రోజు మధ్యాహ్నం సత్రంలో మూడు గంటలు పడుకున్నాం. ఆ మూడు గంటల్లో పది నిమిషాలు ఆమెకి ఇవ్వలేకపోయాం. మా కోపం అక్కడ మొదలైంది, ఇంకా తగ్గలేదు.

ఇక అసలు సంగతి. రామేశ్వరం ఒక గుడి మాత్రమే కాదు, ఒక దీవి. ఆ మాట మన బుర్రకి ఎక్కాలంటే మొదట రైల్లో పోవాలి. అర్ధరాత్రి బస్సులో నిద్రపోతూ వంతెన దాటినవాడికి సముద్రం దాటిన సంగతే తెలియదు. మదురైలో పొద్దున పాసింజరు ఎక్కితే సాపాటు వేళకి ముందే రామేశ్వరంలో దిగవచ్చు. మండపం దాటగానే రెండు పక్కలా నీళ్ళు వస్తాయి. పెట్టెలో మాటలు వాటంతటవే ఆగిపోతాయి. 34 ఏళ్ళు మదురై డివిజన్‌లో పనిచేసిన మాకే ఇప్పటికీ అక్కడ గుండె కొంచెం వేగంగా కొట్టుకుంటుంది.

పాత వంతెన 1914 ఫిబ్రవరిలో తెరిచారు. రెండు కిలోమీటర్ల పైన పొడవు. ఓడ వస్తే మధ్య భాగం రెండు రెక్కల్లా పైకి లేచేది, ఆ రెక్కల్ని మనుషులు చేతులతో తిప్పి లేపేవాళ్ళు. ఆ రోజుల్లో మద్రాసులో ఒక్క టిక్కెట్టు కొంటే చాలు: ధనుష్కోటి దాకా బోట్ మెయిలు, అక్కడి నుంచి స్టీమరులో తలైమన్నారు, అక్కడి నుంచి మళ్ళీ రైల్లో కొలంబో. 1964 డిసెంబరు 22 రాత్రి తుపాను వచ్చింది. పాంబన్ నుంచి ధనుష్కోటికి పోతున్న పాసింజరు బండిని ఊరి దగ్గరకి వచ్చాక అల మింగింది, నూరుకి పైగా ప్రాణాలు పోయాయి. ఊరు ఊరే పోయింది. ఆ తర్వాత అది మనుషులు నివసించడానికి పనికిరాదని ప్రభుత్వం ప్రకటించింది. పాడైన వంతెనని శ్రీధరన్ గారు 46 రోజుల్లో నిలబెట్టారు. ఢిల్లీ మెట్రో కట్టిన ఆయనే, అప్పటికి కుర్ర ఇంజనీరు. ధనుష్కోటికి మాత్రం మళ్ళీ రైలు పోలేదు. మేము ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పెద్ద గుమాస్తా చెప్పేవాడు, టిక్కెట్ల బీరువాలో ధనుష్కోటి గడిని చాలా కాలం ఎవరికీ వేరే ఊరికి ఇవ్వబుద్ధి కాలేదని.

2022 డిసెంబరులో పాత వంతెన మీద రైళ్ళు ఆపేశారు. 2025 ఏప్రిల్ 6న కొత్తది తెరిచారు. దీని మధ్య భాగం, 72.5 మీటర్ల ముక్క, ఉన్నది ఉన్నట్టు నిలువుగా పైకి లేస్తుంది.  మన పిలకాయలకి చూపించడానికి ఇంతకంటే పెద్ద పాఠం ఏముంది? దీన్ని బస్సు డిక్కీలో గ్యాసు బండ ఉందని, రైల్లో ఎక్కించనివ్వరని వదులుకున్నాం. నవ్వకండి, పోయిన ఏడాది కమిటీలో రైలు వద్దనడానికి చెప్పిన కారణం అదే.

రెండోది నడక. దీవిని కాళ్ళతో కొలవాలి. దర్శనం అయిన మరునాడు తెల్లవారుజామున గుడి బయటి ప్రాకారంలో ఊరికే నడిచి చూడండి, క్యూ లేకుండా, బకెట్టు లేకుండా. రామనాథపురం సేతుపతుల కాలంలో, 18వ శతాబ్దంలో పూర్తయిన ప్రాకారం. స్తంభాలు 1212 అని లెక్క చెప్తారు. ఒక కొస నుంచి చూస్తే రెండో కొస చిన్న వెలుగు చుక్కలా ఉంటుంది. అక్కడి నుంచి తూర్పు వాకిలి దాటితే అగ్నితీర్థం. సూర్యుడు నీళ్ళలోంచి లేచేదాకా మెట్ల మీద కూర్చోవడానికి ఎవరూ డబ్బులు అడగరు.

గుడికి ఉత్తరంగా రెండు మూడు కిలోమీటర్లు నడిస్తే గంధమాదనం. కొండ అనే పేరే కానీ అది ఒక ఇసకదిబ్బ, దాని మీద రాముడి పాదాలున్న మంటపం. దీవిలో అన్నిటికంటే ఎత్తైన చోటు అదే. పైకెక్కి చుట్టూ తిరిగితే అప్పుడు తెలుస్తుంది మనం నీళ్ళ మధ్య ఉన్నామని. ఆటోలో పోతే ఐదు నిమిషాలు చూసి దిగిపోతాం. నడిచి పోతే దారిలో తుమ్మ చెట్లు, తాటి తోపులు, వలలు అల్లుకునే ఇళ్ళు, నీళ్ళ బిందెల వరస, అన్నీ చూస్తాం.

మసీదు వీధిలో కలాం గారి ఇల్లు ఉంది. రెండో యుద్ధం రోజుల్లో రామేశ్వరంలో రైలు ఆగడం మానేస్తే, కదిలే రైల్లోంచి విసిరేసిన పేపరు కట్టలు ఏరి పంచిపెట్టిన పిల్లవాడు ఆయన. పేయ్‌కరుంబులో ఉన్న స్మారకం గొప్పదే, కాదనం. కానీ ఆ వీధి నుంచి స్టేషను దాకా నడిస్తే ఆ పిల్లవాడు ఎంత దూరం పరిగెత్తేవాడో కాళ్ళకి తెలుస్తుంది.

పాంబన్‌లో దిగి దక్షిణంగా కుందుకాల్ పోండి. పడమటి దేశాల నుంచి తిరిగివస్తూ వివేకానందుడు 1897 జనవరి 26న దిగింది పాంబన్‌లోనే. కుందుకాల్‌లో ఆయన స్మారకం ఉంది. మరునాడు రామేశ్వరం గుడిలో మాట్లాడుతూ, శివుణ్ణి పేదవాడిలో, బలహీనుడిలో, జబ్బుపడినవాడిలో చూడకపోతే విగ్రహానికి చేసే పూజ మొదటి మెట్టే అని చెప్పాడు. ఆ గుడిలోనే మనం, తడి గచ్చు మీద వణుకుతున్న మన సొంత పెద్దవాళ్ళని “తొందరగా, తొందరగా” అని తోసుకుంటూ తిరిగాం. పుణ్యం ఎవరి ఖాతాలో పడిందో దేవుడికే తెలియాలి.

అక్కడికి దగ్గరలోనే చిన్నపాలెం. ఆ ఊరి ఆడవాళ్ళు కళ్ళకి అద్దాలు కట్టుకుని, వేళ్ళకి గుడ్డ చుట్టుకుని సముద్రంలో మునిగి పాచి ఏరుతారు. కడల్‌పాసి అంటారు. దాన్నుంచే అగర్ తీస్తారు. మన ఇళ్ళలో పిల్లలకి చేసే కడల్‌పాసి జెల్లీ వెనక ఉన్నది ఆ చేతులే. తంగచ్చిమడంలో మల్లె నారు పెంచి బయటి ఊళ్ళకి పంపే తోటలున్నాయి. మదురై మల్లి అని తలలో పెట్టుకుని తిరిగే మన ఆడవాళ్ళలో ఎందరికి తెలుసు, ఆ చెట్టుకి పుట్టిల్లు ఈ దీవి అని? అక్కడే సముద్రం నీళ్ళ మధ్య విల్లూండి తీర్థం. చుట్టూ ఉప్పు నీళ్ళు, బావిలో తోడితే తియ్యని నీళ్ళు. రాముడు బాణం గుచ్చితే ఊరిందని కథ. ఈ బావి మన జాబితాలోని 22లో లేదు కాబట్టి మన బస్సు ఆగలేదు.

ఇక ధనుష్కోటి. పొద్దున్నే పోవాలి, సాయంత్రం కాదు. దారిలో కోదండరామస్వామి గుడి, విభీషణుడు రాముణ్ణి శరణు కోరింది అక్కడే అంటారు. తుపానుకి తట్టుకుని నిలబడిన గుడి. 2017 నుంచి కొస దాకా మంచి రోడ్డు ఉంది. ఆ రోడ్డు మీద నిలబడితే ఒక పక్క శాంతంగా, ఒక పక్క ఉరకలు వేస్తూ రెండు సముద్రాలు. ఉత్తరాన పాక్ జలసంధిని అక్కడివాళ్ళు పెణ్ కడల్ అంటారు, దక్షిణాన మన్నారు గల్ఫుని ఆణ్ కడల్ అంటారు, ఆడ సముద్రం, మగ సముద్రం. అరిచల్‌మునైలో నీళ్ళలో దిగకండి, ప్రాణం తీసే చోటు. దిగవలసింది పాత ఊళ్ళో. చర్చి గోడలు, స్టేషను గోడలు, నీళ్ళ ట్యాంకు మిగిలాయి. చలికాలం అయితే చుట్టుపక్కల నీళ్ళలో పూనారైలు, అదే రాజహంసలు, వస్తాయి. ఇసకలో నాలుగు చేతుల లోతు తవ్వి మంచినీళ్ళు తోడుకునే మత్స్యకార కుటుంబాలు ఇప్పటికీ అక్కడున్నాయి. ప్రభుత్వం పనికిరాదన్న చోట బతుకుతున్నారు. వాళ్ళతో పది నిమిషాలు మాట్లాడండి. మనందరికీ తమిళం వచ్చు కదా, ఇంకెందుకు వచ్చినట్టు?

మూడోది తిండి. అసలు గొడవ ఇక్కడే అని మాకు తెలుసు.

పొద్దున ఆరింటికి పాంబన్ రేవులో చేపల వేలం చూస్తే కడుపు, కళ్ళు రెండూ నిండుతాయి. వంజరం, పారై, కవళ్ళు, రొయ్యలు, పీతలు, కణవాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలకి నిషేధం, ఆ కాలం వదిలేసి పోవాలి. ధనుష్కోటి దారిలో పాకల్లో ఆడవాళ్ళు చేపకి ముందే కారం పూసి పెట్టి, మనం చూపించినదాన్ని అప్పటికప్పుడు పెనం మీద వేసి ఇస్తారు. మేము ఈ జనవరిలో ఇంటావిడతో ఇద్దరమే పోయాం. పాంబన్‌లో ఒక ఇంటి మెస్సులో తిన్న పులుసు ఇప్పటికీ నాలుక మీద ఉంది. చింతపండు, చిన్న ఉల్లిపాయ, ముండు మిరప, అంతే. రామనాథపురం ముండు మిరపకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుండ్రంగా, బుడ్డగా ఉంటుంది. గుంటూరు కారం లేనిదే ముద్ద దిగదని బస్సులో డబ్బా మోసుకుపోయినవాళ్ళం, కారానికి పేరుపడ్డ జిల్లాలోకి కారం మోసుకుపోయాం. ఏటి ఒడ్డుకి నీళ్ళ కుండ మోసినట్టు.

శాకాహారులకి ఏముంది అంటారా? ఇడియాప్పం, కొబ్బరిపాలు ఉన్నాయి. ఒడ్డున వేడి సుండలు ఉంది. అన్నిటికంటే తాటిచెట్టు ఉంది. దీవి అంతా తాళ్ళే. ఎండాకాలం మొదట్లో పోతే పదనీరు, ముంజలు. సంక్రాంతికి పోతే తేగలు. ఏడాది పొడుగునా తాటాకు బుట్టల్లో కరుప్పట్టి, మన తాటిబెల్లం. దాంతో కాచిన శొంఠి కాపీ తాగి చూడండి. మేము పనంకిళంగు అమ్మే ముసలామె దగ్గర కూర్చుని “వీటిని మేము తేగలంటాం” అని చెప్తే, ఆమె రెండుసార్లు ఆ మాట పలికి నవ్వింది. అవే తేగలు. గోదావరి గట్టున తిన్నా, రామేశ్వరం ఇసకలో తిన్నా అదే పీచు పళ్ళలో ఇరుక్కుంటుంది. మన బంతిలో గోంగూర వడ్డిస్తేనే తెలుగుతనం నిలబడుతుందని ఎవరు చెప్పారు?

పరాయి ఊరి తిండి ముట్టకపోవడం మన పాత సంప్రదాయం అని ఒకరు వాదించారు. అయ్యా, సంప్రదాయం మాటే వస్తే ఏనుగుల వీరాస్వామయ్యగారిని తలుచుకుందాం. మనలాగే తమిళ నేల మీద, చెన్నపట్నంలో బతికిన తెలుగువాడు. సుప్రీం కోర్టులో దుబాసీ. ఆచారం తప్పనివాడు. 1830లో కాశీకి బయలుదేరి ప్రతి మజిలీలో అక్కడ ఏం దొరుకుతుంది, నీళ్ళు ఎలాంటివి, దారి ఎలాంటిది, మనుషులు ఎలాంటివాళ్ళు అని రాసిపెట్టాడు. 1838లో అచ్చయింది, కాశీయాత్ర చరిత్ర. బోయీలు, పల్లకీలు, గుడారాలు, ఇంత పరివారం మధ్య ప్రయాణం చేసినా ఆయన కళ్ళు బయటే ఉన్నాయి. ఏసీ బస్సులో పోయిన మన కళ్ళు గిన్నెలో ఉన్నాయి. ఇందులో సంప్రదాయం తప్పింది ఎవరు?

ఇక కమిటీవాళ్ళ అభ్యంతరాలు. ఎగతాళి చేయం, ఒక్కొక్కటీ చూద్దాం.

పెద్దవాళ్ళు నడవలేరు అంటారు. నిజమే. అందుకే రెండు రోజులు కాదు, మూడు రోజులు అంటున్నాం. 22 బావులు గంటన్నరలో పరిగెత్తగలవాళ్ళు, రోజుకి రెండు కిలోమీటర్లు కూర్చుంటూ లేస్తూ నడవలేరా? నడవలేనివాళ్ళకి ఆటో పెడదాం. విజిల్ పెట్టొద్దు.

షుగరు, బీపీ ఉన్నవాళ్ళకి బయటి తిండి పడదు, మడి ఉన్నవాళ్ళు ముట్టరు అంటారు. ఇందులో న్యాయం ఉంది, ఒప్పుకుంటాం. వాళ్ళకి సత్రంలో ఒక పొయ్యి పెట్టి వండిద్దాం, మేమే కూరలు తరుగుతాం. కానీ పోయిన ఏడాది 52 మందిలో అలాంటివాళ్ళు ఏడుగురు. ఏడుగురి కోసం ఒక కుక్కర్ చాలు. మిగిలిన 45 మంది ఆ ఏడుగురి పేరు చెప్పి తమ బద్ధకాన్ని దాచుకోకూడదు.

ఖర్చు అంటారు. పోయిన ఏడాది జమాఖర్చు చూశాం. వంటమనిషి, సాయం మనిషి, గ్యాసు, సామాను, వీటికే మొత్తంలో మూడో వంతు పోయింది. రైలు టిక్కెట్టు బస్సు బాడుగ కంటే ఎంత తక్కువో మమ్మల్ని అడగకండి, ఏ టిక్కెట్టు కౌంటరులో అడిగినా చెప్తారు. మిగిలిన డబ్బు దీవిలోనే, మెస్సు నడిపే ఆవిడకి, చేప వేయించే ఆవిడకి, ఆటో అబ్బాయికి పోతుంది. ఒక ఊరికి పోయి ఆ ఊళ్ళో ఒక్క ముద్ద కొనకుండా, మన చెత్త మాత్రం వాళ్ళ ఒడ్డున పడేసి రావడం అతిథి లక్షణం కాదు. పోయిన ఏడాది మన విస్తర్లు సత్రం వెనక ఎక్కడ పడ్డాయో చూసినవాళ్ళు చూశారు.

కుర్రవాళ్ళు ఇంకో మాట అంటున్నారు, “రామేశ్వరం ఎవరికి కావాలి మామా, అండమాన్ పోదాం, విమానంలో” అని. పోండి బాబూ, అండమానూ మంచి దీవే. కానీ నాలుగు గంటల దూరంలో ఉన్న దీవిని చూడడం చేతకానివాడు, విమానం ఎక్కితే చూడడం వచ్చేస్తుందా? అక్కడా హోటలు గదిలో పప్పన్నం ఆర్డరు పెడతాం, ఒడ్డున ఫోటో దిగుతాం.

చివరికి మాకు నొప్పి పుట్టే చోటికి వస్తున్నాం. మన సంఘం ప్రతి సభలో ఒక మాట చెప్పుకుంటాం: తిరుమల నాయకుడి నాటి నుంచి ఈ నేల మీద ఉన్నాం, మేము బయటివాళ్ళం కాదు, ఈ ఊరివాళ్ళమే అని. బడిలో మన పిలకాయలకి తెలుగు చెప్పమని వినతిపత్రాలు ఇస్తాం. ఎవరైనా “మీది ఆంధ్రానా?” అని అడిగితే మొహం ముడుచుకుంటాం. మరి పోయిన ఏడాది అగ్నితీర్థం దగ్గర ఏం జరిగింది? శంఖాలు అమ్మే అబ్బాయి మన బస్సు బ్యానరు చూసి “రండి అన్నా, మంచి శంఖం” అని తెలుగులో పిలిచాడు. తిరుపతి రైల్లో దిగే యాత్రికుల దగ్గర నేర్చుకున్న తెలుగు. మన సభ్యుడొకరు అతనితో హిందీలో బేరమాడారు! ఆయనకి తెలుగు వచ్చు, తమిళం వచ్చు. అయినా యాత్రికుడి వేషం వేసుకోగానే రెండూ మరచిపోయారు.

మన జిల్లా నుంచి రెండో జిల్లాలో ఉన్న దీవికి పోయి, మన బియ్యం, మన పప్పు, మన గిన్నె, మన బంతి మధ్య కంచె వేసుకుని కూర్చుంటే, చూసేవాడు మనల్ని ఏమనుకోవాలి? బయటివాళ్ళు అనే కదా. మనల్ని బయటివాళ్ళని ఎవరో అనడం లేదు, గిన్నె మోసుకుని మనమే అనిపించుకుంటున్నాం. మన తెలుగు ఇన్ని వందల ఏళ్ళు నిలిచింది కంచె వల్ల కాదు. ఇంట్లో తెలుగు, అంగట్లో తమిళం మాట్లాడి, వాళ్ళ కరుప్పట్టిని మన తాటిబెల్లం అని పిలిచి, రెండు పేర్లతో ఒకే ముద్ద తిన్న మన అమ్మమ్మల వల్ల నిలిచింది. పిలకాయలకి ఆ రెండు పేర్లూ నేర్పే చోటు తరగతి గది ఒక్కటే కాదు. ముంజ చేతిలో పెట్టి నేర్పితే జన్మలో మరచిపోరు.

అందుకని ఆదివారం మేము పెట్టబోయే సవరణ ఇది.

1. యాత్ర మూడు రోజులు. రైల్లో, పగటిపూట.

2. మొదటి రోజు దర్శనం, తీర్థస్నానం కావలసినవాళ్ళకి, తొందర లేకుండా. సాయంత్రం గంధమాదనం.

3. రెండో రోజు తెల్లవారుజామునే ధనుష్కోటి. పాత ఊళ్ళో కనీసం రెండు గంటలు. సాపాటు అక్కడి పాకల్లో, లేదా రామేశ్వరం తిరిగి వచ్చి.

4. మూడో రోజు పాంబన్ రేవు, కుందుకాల్, చిన్నపాలెం, తంగచ్చిమడం. సాయంత్రం రైలు.

5. ఆరోగ్యం, ఆచారం వల్ల బయట తినలేనివాళ్ళకి మాత్రమే సంఘం వంట. మిగిలినవాళ్ళు దీవి తిండి తినాలి. వంద మంది తినే గిన్నెలు సంఘం గదిలోనే ఉండాలి.

6. ప్రతి పిల్లవాడూ తిన్నవి, చూసినవి పది వస్తువుల పేర్లు తెలుగులో, తమిళంలో రాసుకురావాలి. మంచి పట్టికకి బహుమతి మా పింఛను నుంచి ఇస్తాం.

7. విజిల్ రద్దు.

ఇది గెలుస్తుందో లేదో తెలియదు. కమిటీలో నలుగురు ఇప్పటికే ఫోను చేసి “అన్నా, ఎందుకు ఈ రచ్చ, పాత పద్ధతి బాగానే ఉంది కదా” అన్నారు. బాగానే ఉంది, నిద్రపోయేవాళ్ళకి. ఓడిపోతే మేము అలిగి ఇంట్లో కూర్చోం. మీ బస్సు వెనకే మా పాసింజరు వస్తుంది.

నిన్న సాయంత్రం పెద్దమ్మ ఇంటికి పోయి ఈ రాత చదివి వినిపించాం. ఆమె గురించి రాసింది ఉంచమంటారా, తీసేయమంటారా అని అడిగాం. “ఉండనీ. గోడ ఉంది కదా ఇంకా?” అంది. ఉందని చెప్పాం. ఉప్పుగాలికి ఏటేటా రాయి రాలుతోందని మాత్రం చెప్పలేదు.

ఆదివారం చేతులెత్తే ముందు ఆ కిటికీ సీటు ఒకసారి గుర్తు చేసుకోండి. మా అభిప్రాయం తప్పని తోచినవాళ్ళు మొహమాటం లేకుండా కింద రాయండి, జవాబిస్తాం.

ఇట్లు,
మీలో ఒకరం, రిటైరైన రైలు గుమాస్తా